ఏడుగురి పాట

పేరున్న కబడ్డీ ఆటగాడు వయసు మీదపడుతుంటే కోచింగ్ గురించి ఆలోచిస్తాడు. మన కమలాకర్ మాత్రం, లీగ్ జట్టులో ఇంకా ఆడుతుండగానే, ర్యాప్ ఆల్బమ్ మొదలుపెట్టాడు. తార్నాకలో టిఫిన్ సెంటర్ మీదున్న స్టూడియోలో అన్ని పాటలూ అయిపోయాయి, చివరిది తప్ప. తెల్లారితే జట్టు క్యాంపుకి వెళ్లాలి.

ఆ పాట చివర మాణికేశ్వర్ నగర్ పాత జట్టులోని ఏడుగురి పేర్లు ఒకే ఊపిరిలో రావాలి. మొదటిది తనది. సొంత పేరు ముందు చెప్పుకోవడం ర్యాపర్ల ఆనవాయితీ కదా! చివరిది శశిభూషణ్‌ది. సరిగ్గా ఆ పేరు దగ్గరికొచ్చేసరికే ఊపిరి తెగిపోతోంది. తెగిన ప్రతిసారీ కమలాకర్ మైకుకి వీపు తిప్పి తలుపు దాకా నడిచేస్తున్నాడు. కూత తెగితే ఔట్, కోర్టు బయటికి పోవాలి. కాళ్లకి అదే అలవాటు. సౌండ్ చూసే భార్గవి మొదట్లో అలిగాడేమో అనుకుంది.

"అన్నా, మధ్యలో గాలి పీల్చుకోండి. నేను అతికిస్తా. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తది కదమ్మా."

శశిభూషణ్ యూనివర్సిటీ గుమాస్తా కొడుకు, కర్నూలు వాళ్లు. సాయంత్రమైతే బస్తీ పిల్లలు గోడ దూకి క్యాంపస్ గ్రౌండ్‌కి చేరేవారు. హాస్టల్ అన్నలు టీ గ్లాసులు పట్టుకుని గట్టున కూర్చునేవారు. ఎర్రమట్టి, చెమట, ఆర్ట్స్ కాలేజీ వెనక దిగే ఎండ. గీత అవతల కమలాకర్ ఇరుక్కుపోతే శశి గొంతు చించుకునేవాడు: "కూత ఇడ్సొద్దురేయ్!" ఆ అరుపుతోనే ఇంకాస్త ఊపిరి పుట్టేది. శశి కరోనాలో పోయాడు. అప్పుడు కమలాకర్ ఏదో ఊళ్లో క్యాంపులో ఉండిపోయాడు, చివరిచూపు కూడా దక్కలేదు. ఆ పేరు ఒక్కసారైనా తెగకుండా పిలవాలని అతని ఆరాటం.

పాట వినడానికి పిలిస్తే రాజలింగు లాలాపేట్ నుంచి తను నడిపే ఆటోలోనే వచ్చాడు. ఒకప్పుడు ఆ జట్టులో ఎవడి కాలు పట్టినా వదలనివాడు. రెండుసార్లు విని మొహం చిట్లించాడు.

"శశిగాన్ని ఆఖర్ల ఎందుకు పెట్టినవ్‌రా?"

"పోయినోడు కదా. అందరి ఎనక, మనసు నిండ పిలుద్దామని."

"ఇన్నేండ్లు ఆడి ఆట మరిచినవా? పాయింట్ వస్తే ఎవన్ని లోపలికి పిలుస్తరు? ముందుగాల ఔటైనోన్నే కదా!"

కమలాకర్ పాట కాగితం అందుకున్నాడు. ఔటైన వరసలో బెంచీ మీద కూర్చుని, ఆ పిలుపు కోసం ఎన్నిసార్లు ఎదురుచూశాడో!

శశి పేరూ తన పేరూ చోట్లు మార్చుకున్నాయి. ఈసారి మొదటి పేరు నిండు గుండెతో గదంతా మోగింది. పాత సాయంత్రాలన్నీ ఒక్కసారిగా మీదికి వచ్చినట్టై కళ్లు నిండాయి. అయినా కూత ఆపలేదు. ఒక్కొక్కరే లోపలికి వచ్చేశారు. ఆరో పేరు దాటాక ఊపిరి అయిపోయింది. తన పేరు మిగిలిపోయింది. కాళ్లు వాటంతటవే తలుపు వైపు తిరిగాయి.

"ఎటు పోతున్నవ్‌రా? నేనింకా ఆటలనే ఉన్న," అన్నాడు రాజలింగు. లేచి మైకు దగ్గరికి వెళ్లి, ట్రాఫిక్‌లో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో పిలిచాడు.

"కమలాకర్!"

భార్గవి రికార్డింగ్ ఆపలేదు.