డబ్బాల కింద ఐదు నెలలు

"నా డబ్బాల కింది కాగితాలు ఎవరు లాగారు?" అని అడిగాను.

మా ఆయన తలెత్తలేదు. భోజనాల బల్ల మీద పాత కేలండరు కాగితాలు బోర్లా పరిచి, వాటి వెనకవైపు తెల్లటి చోట పెన్సిలుతో కూడికలు వేస్తున్నారు.

"కాగితాలేగా. మళ్లీ పరుచుకో."

"డబ్బాలు ఎత్తు ప్రకారం సర్దుకున్నాను. ఇప్పుడు పంచదార పక్కన ఉప్పు కూర్చుంది. రేపు మీ టీలో ఉప్పు పడితే నన్ననకండి."

"ముప్పై ఏళ్లు మిలిటరీ ఆసుపత్రి టీ తాగినవాణ్ణి. ఉప్పు పడితే కాస్త రుచైనా వస్తుంది."

"నాన్నా, అమ్మా, మీ యుద్ధం చూశాక నాకు సరిహద్దంటే భయం పోయింది," అంది అమ్మాయి లోపలి గదిలోంచి.

అమ్మాయి మత్తు డాక్టరు. సైన్యంలో చేరడానికి ఎంపికైంది. దరఖాస్తులో చివరి భాగం నింపి, రేపు పంపాలి. అందులో చదువుకున్న కాలమంతా లెక్క చూపాలి. ఆ లెక్కను బట్టే మొదటి ర్యాంకు ఇస్తారు. డాక్టరు డిగ్రీకి నాలుగేళ్లు కలుపుతారు, ఆసుపత్రిలో చేసిన మొదటి ఏడాదికి ఒకటి, ఆ పైచదువుకు ఎంతకాలం శిక్షణ పొందితే అంత. మొత్తం ఎనిమిదేళ్లుంటే మేజర్. ఒక్కరోజు తగ్గినా కెప్టెన్. ఆ తర్వాత మేజర్ కావాలంటే ఇంకో మూడేళ్లు ఆగాలి.

"నాలుగు, ఒకటి, మూడు. ఎనిమిది!" అన్నారు మా ఆయన, అదేదో పెద్ద లెక్కయినట్టు నాలుగోసారి.

ఆయన అదే సైన్యపు ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశారు. నిన్నగాక మొన్న మీసం మొలిచిన కెప్టెన్ డాక్టర్లు కూర్చుని చీటీ రాస్తే, ఈయన నిలబడి మందు కట్టేవారు. గదిలోకి మేజర్ వస్తే ఆ కెప్టెన్లు కుర్చీలు వెనక్కి తోసి లేచేవారట. ఆ కుర్చీల చప్పుడు మా పెళ్లయిన కొత్తలోనే నాకు చేసి చూపించారు. తన కూతురు లోపలికి వస్తే కుర్చీలు అలా కదలాలని ఆయన కోరిక. పైకి ఎప్పుడూ అనలేదు. అనక్కర్లేదు కూడా.

లెక్క అయిపోయాక కాగితాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. అరలో పరచబోతూ ఒకటి తిరగేశాను. తేదీల గళ్లలో నా చేతిరాత. "మంచం నుంచి కిటికీ దాకా, తొమ్మిది అడుగులు." "గుమ్మం దాకా, ఇరవై రెండు. అమ్మాయి చెయ్యి పట్టుకోలేదు."

నాకు తుంటి ఎముక విరిగిన ఏడాది అది. అమ్మాయి శిక్షణ మధ్యలో ఆపి వచ్చి, ఐదు నెలలు నన్ను నడిపించింది. స్నానం చేయించింది, తల దువ్వింది, నేను విసుక్కుంటే తిరిగి విసుక్కుంది. వాళ్ల ప్రొఫెసరు మంచివాడు, తోటివాళ్లతోపాటే పరీక్ష రాయనిచ్చాడు. సర్టిఫికెట్‌లో నిండా మూడేళ్లనే ఉంది. కానీ దరఖాస్తులో చిన్న గడి ఒకటుంది, నేను చూశాను: శిక్షణలో తొంభై రోజులు దాటిన సెలవు ఉంటే ఆ కాలం లెక్కలోంచి తీసివేయాలని.

కాగితాన్ని బోర్లా పరిచి దానిమీద ఉప్పు డబ్బా పెట్టేశాను. నా తుంటి విరిగితే పిల్ల భుజం మీద ర్యాంకు ఎందుకు తగ్గాలి? ఆయన కుర్చీల చప్పుడు ఎందుకు ఆగిపోవాలి?

కూర తరిగాను. పొయ్యి మీద వేశాను. కూరగాయలవాడు ఒక కాయ తక్కువ తూచాడని పొద్దున్నేగా నేను వీధి మలుపు దాకా వెళ్లినవాణ్ణి పిలిచి వెనక్కి తెచ్చింది! నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. డబ్బా తీసి కాగితం బయటికి లాగాను.

భోజనాల దగ్గర దాన్ని అమ్మాయి కంచం పక్కన పెట్టాను. తను చదివి, వేలితో ఆ గళ్లు తడిమింది.

"ఇరవై రెండు అడుగులు వేసిన రోజు నన్ను తిట్టావమ్మా, గుర్తుందా? ముందే వదిలెయ్యాల్సిందని."

మా ఆయన కాగితం లాక్కుని చూశారు. ఆయన పెదాలు నెలలు లెక్కపెట్టడం కనిపించింది.

"సర్టిఫికెట్‌లో మూడేళ్లనే ఉందిగా," అన్నారు చివరికి. "ఎవరు అడుగుతారు?"

"నువ్వు మందు సీసాలో చుక్క తక్కువ పోస్తే ఎవరడిగేవారు నాన్నా?"

నేను కూర వడ్డించాను. ఆయనకు రెండోసారి కూడా వడ్డించాను, అడక్కుండానే.

"ఆ గడి నిన్ననే నింపాను," అంది అమ్మాయి. "ఐదు నెలల సెలవు, అమ్మకు తుంటి విరిగిందని కారణం కూడా రాశాను. మీకెలా చెప్పాలో తెలియక కూర్చున్నాను. నేను కెప్టెన్‌గానే చేరుతున్నాను."

మా ఆయన మంచినీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించారు.

"అయితే ఒకటి విను," అన్నారు. "చేరిన మొదటిరోజే మందుల గదికి వెళ్లి, అక్కడి కాంపౌండరుకు ఒక కుర్చీ వేయించు. నేను చూసిన కెప్టెన్లలో ఒక్కడికీ ఆ ఆలోచన రాలేదు."