చాపిన చెయ్యి

పూలి మిరప తోటలో వంగి కాయ కోస్తూనే ఉంది. సూర్యుడు నెత్తి మీదికి వచ్చినా నడుము ఎత్తలేదు. కొంగును ముక్కూ మూతీ కలిపి చుట్టుకుంది. ఘాటుకు కళ్ళు నీళ్ళు కారితే మోచేత్తో తుడుచుకుంటుందే తప్ప వేళ్ళను ముఖం దాకా రానివ్వదు. ఎండాకాలం తునికాకు, వానాకాలం నాట్లు, చలికాలం మిరప. ఇన్నేళ్ళూ ఆమె బతుకు వంగిన నడుముతోనే గడిచిపోయింది. ఆ సాలులో కాయ కోసే ఆడవాళ్ళలో ఆమెను వేరుగా గుర్తుపెట్టుకునే వాళ్ళెవరూ లేరు.

ఇవాళ మాత్రం సగం పూటకే గట్టు మీదికి వచ్చింది. బిడ్డ బడి వార్షికోత్సవంలో ఆట ఆడుతుందని చెబితే మేస్త్రి ముఖం మాడ్చుకున్నాడు. ఆమె పట్టించుకోలేదు. వాగులో దిగి చేతులు ఇసకతో రుద్దుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, చర్ల రోడ్డులో జీపెక్కింది. భర్త పగిడయ్య రానన్నాడు. పోడు చేను వదిలితే అడవి పందులు పాడు చేస్తాయని సాకు చెప్పాడు గానీ, నలుగురిలో కుర్చీలో కూర్చోవాలంటే ఆయనకు గుబులు.

శ్రావణిది పదో తరగతి. ఐదేళ్ళుగా ఆశ్రమ పాఠశాల హాస్టల్లోనే ఉంటోంది. వార్షికోత్సవానికి స్టేజీ ఎక్కడం ఇదే మొదలు. కిందటి ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ జాగ్రత్తలు చెప్పింది. పెద్ద సార్లు వస్తారంది, గట్టిగా మాట్లాడొద్దంది, అటూ ఇటూ తిరగొద్దంది. ఆఖరికి అసలు భయం బయటపెట్టింది.

"నేను పిలిచేదాక లెవ్వకు అమ్మా. నా ఇజ్జత్ పోతది."

పూలికి నవ్వొచ్చింది, మనసు కొంచెం నొచ్చుకుంది కూడా. నిన్నమొన్నటిదాకా చంకనెత్తుకు తిరిగిన పిల్ల తనకు బుద్ధులు చెబుతోంది. అయినా సరేనంది. మాట ఇచ్చాక తప్పే మనిషి కాదు.

బడి ముందు షామియానా వేశారు. పూలి ముందు వరుసలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒకాయన చేతికి మైకు వస్తే ఇక వదిలితేనా. పక్కావిడ నీళ్ళు తాగి వద్దామన్నా పూలి వద్దని తలూపింది. దాహం వేస్తున్నా కదల్లేదు.

అప్పుడు డోలు మోగింది.

ఆడపిల్లలు ఒకరి నడుము ఒకరు పట్టుకుని, గూడేల్లో పాడే రేల పాట ఎత్తుకుని బారుగా వచ్చారు. అందరివీ ఒకే రంగు చీరలు. బారు చివర కాటుక పెట్టుకుని, జడలో పూలు ముడిచిన పొడుగు పిల్లను చూసి పూలి ఏ ఊరి పిల్లో అనుకుంది. తన బిడ్డేనని తెలిశాక గుండె నిండిపోయింది. ఇంత ఎప్పుడు ఎదిగింది? నేను మిరప చేలో వంగి ఉన్నప్పుడేనా?

రెండో చరణంలో శ్రావణి బయటి చెయ్యి జనం వైపు చాపింది. అరచెయ్యి పైకి తిప్పి, వేళ్ళు విప్పి, అలాగే ఉంచింది. చూడ్డానికి అందంగా ఉంటుందని ఆట నేర్పిన సుశీలమ్మ మేడం పెట్టించిన భంగిమ అది. పూలికి ఆ సంగతి తెలియదు. వాళ్ళ గూడెంలో బారు చివరి మనిషి అలా చెయ్యి చాపితే ఎదురుగా కూర్చున్నవాళ్ళను ఆటలోకి పిలిచినట్టు. అందుకోకుండా కూర్చుంటే ఆ మనిషితో పొత్తు తెంచుకున్నట్టే. కన్నబిడ్డ పిలుస్తుంటే తల్లి ఎలా కూర్చుంటుంది?

పూలి కాలి చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, మెట్లెక్కింది. వెనక ఎవరో నవ్వారు. వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

శ్రావణి అడుగు తడబడింది. బారంతా ఒకసారి ఒరిగి నిలదొక్కుకుంది. పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఆ చూపుతోనే పూలికి ఏదో అనుమానం వచ్చి కిందికి చూసింది. తల్లులందరూ కుర్చీల్లోనే ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. బిడ్డ పరువు తన చేతులతోనే తీశానని సిగ్గుతో చచ్చిపోయింది. చెయ్యి వదిలించుకుని దిగిపోబోయింది.

శ్రావణి వదల్లేదు. తల్లిని దగ్గరికి లాక్కుని నడుము చుట్టూ చెయ్యి వేసింది.

"రెండడుగులు ముందుకు, ఒకటి ఎన్కకు," అంది మెల్లగా.

పాట అయ్యేదాకా తల్లీబిడ్డలు కలిసి అడుగు వేశారు. జనం చప్పట్లు కొట్టారు. స్టేజీ వెనక్కి రాగానే, మధ్యలో ఈమెను ఎవరు రమ్మన్నారని మేడం కోపంగా అడిగింది. పూలి తల వంచుకుంది.

"నేనే పిలిచిన మేడం," అంది శ్రావణి. "మా అమ్మ."

అంతలో పిల్లలందర్నీ ఫొటోకు రమ్మంటే శ్రావణి అటు పరుగెత్తింది. బయట చర్ల పోయే ఆఖరి జీపు హారన్ కొడుతోంది. పూలి వెనక దారినే పోయి ఎక్కింది. బిడ్డ తన కోసం అబద్ధమాడింది. అది తలుచుకుంటే ఏడుపూ వచ్చింది, కడుపూ నిండింది. తెల్లారితే మళ్ళీ తోటకు పోవాలి. జీపు ఊరు దాటాక చెప్పుల్లేని అరికాళ్ళకు ఇనుప రేకు చల్లగా తగిలింది. ఆపమని మాత్రం అడగలేదు.

సభ ముగిసి కుర్చీలు ఎత్తేస్తున్నారు. ముందు వరుసలో ఒక కుర్చీని మాత్రం శ్రావణి ఎత్తనివ్వలేదు. దాని ముందు, ఎర్రమన్ను అంటిన రెండు రబ్బరు చెప్పులు స్టేజీ వైపు తిరిగి ఉన్నాయి.