గోడలు పోయాక మిగిలినవి

“బొమ్మ ఆనవాలు కూడా మిగలకూడదు, బాగా రుద్దు,” అని ఫ్రేము నా ముందు పడేసి మా ఆయన షాపులోకి పోయాడు.

షాపు అంటే ఇంటి ముందుగదే. నరసరావుపేటలో శుభలేఖలకీ చేతిసంచులకీ స్క్రీన్ ప్రింటింగ్ కావాలంటే మా ఆయన ఖాదర్ వలి దగ్గరికే వస్తారు. చెక్క ఫ్రేముకి బిగించిన సిల్కు గుడ్డ మీద బొమ్మ ఎక్కించి రంగు లాగితే కాగితం మీద దిగుతుంది. అచ్చు అయిపోయాక కిరసనాయిలుతో రంగు కడిగి, బ్లీచింగ్ నీళ్ళతో బొమ్మ పోగొడితేనే ఆ గుడ్డ ఇంకో పనికి వస్తుంది. ఆ పోగొట్టే పని పెళ్ళయిన వారం నుంచీ నాదే. ఆ నీళ్ళకి పగిలిన చేతులతో పచ్చిమిరపకాయ తరిగితే ప్రాణం పోతుంది. ఆ నీళ్ళు పిల్లల కళ్ళలో పడతాయేమోనని, కిరసనాయిలు పొయ్యి దగ్గర అంటుకుంటుందేమోనని నాకెప్పుడూ గుండెదడే. ఎవరన్నా అడిగితే మాత్రం మా ఆయన, “దానికేం పనండీ, ఇంట్లోనే ఉంటది,” అంటాడు.

మా షాపుకి వచ్చేవాళ్ళలో యల్లమంద అనే కుర్రాడు ఊళ్ళో గోడల మీద సబ్బుల ప్రకటనలూ పార్టీ గుర్తులూ వేసేవాడు. రంగు మిగిలితే అవే గోడల మీద తనకి తోచిన బొమ్మ వేసేవాడు. మిరప కల్లంలో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కాయలు ఏరే ఆడవాళ్ళు. బస్టాండు వెనక గోడ మీద బిడ్డని చంకనెత్తుకుని మాచర్ల బస్సు కోసం మెడ సాచి చూసే తల్లి. ఆ బొమ్మ చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. బస్సు రాకపోతే, చీకటి పడితే, ఆ పిల్ల గతేమిటని ఒకటే ఆలోచన. గోడ బొమ్మ వానకో సున్నానికో పోతుందని యల్లమంద దాన్నే మా షాపులో పాతిక కాగితాలు అచ్చు వేయించి కోటప్పకొండ తిరునాళ్ళలో అమ్ముకునేవాడు. పాతిక కాగానే గుడ్డ కడుగుడుకి నా దగ్గరికి వచ్చేది. ఇక ఆ బొమ్మ మళ్ళీ అచ్చు కాదు.

ఆ తల్లి బొమ్మని కడగడానికి నాకు చేతులు రాలేదు. “ఒకటి నాకియ్యి తమ్ముడూ,” అని సిగ్గు విడిచి అడిగాను. “కడిగే చేతులు నీయ్యే కదక్కా, మొదటిది నువ్వే ఉంచుకో,” అన్నాడు. అప్పట్నుంచి ప్రతి బొమ్మలోనూ మొదటి కాగితం అడుగున పెన్సిలుతో ఒకటి అంకె వేసి నాకే ఇచ్చాడు. “నమాజు చేసుకునే ఇంట్లో బొమ్మలేందే?” అని అత్తగారు గొణిగితే, గుడ్డలపెట్టె అడుగున వేపాకు పరిచి దాచాను. వాన చినుకు పడితే ముందు పిల్లల్ని తడిమేదాన్ని, తర్వాత ఆ పెట్టెని. మండలాల ఎన్నికలొచ్చి గోడలన్నిటికీ సున్నం కొట్టారు. తిరునాళ్ళలో అమ్మినవి టీకొట్లలో పొగచూరిపోయాయి. యల్లమంద సినిమా బ్యానర్ల పనికి హైదరాబాదు పోయాడు. ఇక అతని బొమ్మలంటూ ఉంటే నా పెట్టెలోనే.

మొన్న చిన్నోడికి విరేచనాలైతే ఆసుపత్రిలో ఉండి వచ్చాను. పెట్టె తీస్తే బొమ్మల్లేవు. చెదలనుకున్నాను, దొంగలనుకున్నాను.

“సుందరరావు మాస్టారు వాళ్ళ కాలేజీలో బొమ్మల ప్రదర్శన పెడతానంటే ఇచ్చా,” అన్నాడు మా ఆయన అన్నం కలుపుకుంటూ. “అయిపోయినాక వాళ్ళే ఉంచుకుంటారంట.”

“నన్ను అడగలేదే? అవి నావి కదా.”

“నీయేంది? కాగితం నాది, రంగు నాది, షాపు నాది. నువ్వు నాదానివి కాదూ? పప్పులో ఉప్పు లేదు, అది చూడు ముందు.”

ఉప్పు తెచ్చి వేశాను. వేస్తున్న నా చేతిని చూస్తే నాకే ఒళ్ళు మండిపోయింది.

తెల్లారి మా అమ్మాయి కుల్సుంని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళాను. హాలు నిండా జనం. గోడకి వరసగా నా బొమ్మలు, పక్కన అట్టముక్క మీద ‘సేకరణ: ఖాదర్ వలి’. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో నిలబడి చెబుతున్నాడు: “గోడలు ఎట్లాగూ పోతాయని నాకు ముందే తెలుసండీ. అందుకే ఒక్కోటీ ప్రాణంగా దాచా.”

ప్రాణంగా! ఆ ముక్క వినేసరికి జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిచాను. తల్లి బొమ్మ దగ్గరికి పోయి గుండుసూది పీకాను.

“ఏమే, మతి పోయిందా? ఇంటికి పద, చెప్తా,” అన్నాడు మా ఆయన పళ్ళ మధ్య నుంచి.

సుందరరావు మాస్టారు పరుగున వచ్చారు. “ఎవరమ్మా మీరు?”

“ఇవి దాచినదాన్నండీ. ఏ బొమ్మ ఏ గోడ మీద ఉండేదో ఆయన్ని చెప్పమనండి.”

మాస్టారు మా ఆయన వంక చూశారు. మా ఆయన బొమ్మల వంక చూసి, “ఊళ్ళో గోడలేనండీ,” అని నవ్వబోయాడు. వెనక ఎవరో ఆడపిల్లలు కిసుక్కుమన్నారు.

“పొరపాటైంది,” అన్నారు మాస్టారు. “మార్చి రాయిస్తానమ్మా. శ్రీమతి ఖాదర్ వలి అని.”

“నాకు పేరుందండీ. సాబిరా. అంతవరకు రాయండి చాలు. సాయంత్రం దాకా చూడనివ్వండి, ఆ తర్వాత నేను పట్టుకుపోతా.”

కుల్సుం నా కొంగు పట్టుకుంది. ఇంటికి పోయాక కొడతాడేమో, వదిలేస్తానంటాడేమో, ముగ్గురు పిల్లలతో మాచవరంలో మా అమ్మ గడప తొక్కాలేమో. అవన్నీ కళ్ళముందు కదిలాయి. తల్లి బొమ్మకి గుండుసూది మళ్ళీ గుచ్చి, గోడ పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను.

మా ఆయన గొంతు తగ్గించి, “పన్నెండవుతోంది. అన్నం ఎవరొండుతారే?” అన్నాడు.

“బియ్యం డబ్బా మూలన ఉంది,” అన్నాను, కుర్చీ నా బొమ్మల వైపు తిప్పుకుంటూ.