ఎప్పుడూ ఖాళీగా ఉండే తొట్టి

మందుసీసాలు నింపే ఆ ఫ్యాక్టరీలో ఇంజనీరమ్మ కొత్తగా చేరింది. ఏ యంత్రం ఎక్కడ చెడగలదో, చెడితే ఎవరికి ముప్పో, దాన్ని ముందే ఎలా ఆపాలో చూడటం ఆమె పని. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వేవాళ్లు లోకంలో కొల్లలు. ముందే తవ్వే ఉద్యోగం తనకు దొరికిందని ఆమెకు మహా సరదా.

దగ్గుమందు నింపే విభాగానికి పెద్దదిక్కు ఒక మేస్త్రి. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని బాబాయి అనే పిలుస్తారు. ఆయన ఆమెను సీసాలు సాగే బెల్టు చివరికి తీసుకెళ్లి ఒక స్టీలు తొట్టి చూపించాడు. సీసా మూతికి రేకు సీలు పడకపోతే సెన్సర్ కనిపెడుతుంది, పక్కనున్న ఇనపచెయ్యి ఆ సీసాను తొట్టిలోకి నెట్టేస్తుంది.

"చూశావా తల్లీ? కడిగి బోర్లించినట్టు లేదూ! నెలల తరబడి ఇంతే. మాకు వంక పెట్టేవాడింకా పుట్టలేదు."

ఇంతలో రేకు చుట్ట అయిపోయింది. బెల్టు ఆగకుండానే పనివాడు కొత్త చుట్ట అతికించాడు. ఇంజనీరమ్మ వంగి చూసింది.

"అతుకు దగ్గర ఒక్క సీసాకైనా రేకు తప్పదా బాబాయ్?"

"తప్పితే తొట్టిలో ఉండేది కదమ్మా!"

ఆ జవాబులో తప్పు పట్టడానికేమీ దొరకలేదు. అయినా అరికాల్లో ముల్లులా అది ఆమెను వదల్లేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు ఫోన్లో చెల్లెలి చేత చీవాట్లు తింటోంది. చెల్లెలు నిన్న గుమ్మం దాకా వచ్చి, కాలింగ్ బెల్ నొక్కి నొక్కి, విసిగి వెళ్లిపోయిందట.

"అయ్యో, అది మోగితేగా! ఈమధ్య మనింటికెవరూ రావట్లేదేమా అని నేనే దిగులుపడుతున్నానే!" అని అత్తగారు లబోదిబోమంది.

ఇంజనీరమ్మ బయటికెళ్లి బెల్ నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. అలాగే గుమ్మంలో నిలబడిపోయింది. తొట్టి ఖాళీగా ఉందంటే రేకులేని సీసాలు రాలేదనా, వచ్చినా ఎవరూ నెట్టలేదనా?

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీలో, రేకులేని సీసా ఒకటి కావాలనే బెల్టు మీద పంపుదామని బాబాయితో అంది. బాబాయి ముఖం మాడిపోయింది.

"అంటే మామీదే అనుమానమా?"

"మీమీద కాదు బాబాయ్, తొట్టిమీద."

"సరే కానీ. అది తొట్టిలో పడకపోతే నా పేరు మార్చుకుంటా!" అని తనే మూత బిగించి పంపాడు.

అందరూ మూగారు. పనిచేస్తున్నానన్నట్టు సెన్సర్ మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది. సీసా దర్జాగా దాని ముందునుంచి సాగిపోయి పెట్టెలో కూర్చుంది. ఇనపచెయ్యి కదల్లేదు.

బాబాయే వెళ్లి బెల్టు ఆపాడు. సెన్సర్ వెనక రేకుతలుపు విప్పితే, దాన్నుంచి ఇనపచేతికి వెళ్లే వైరు ఒరుసుకుని తెగిపోయి ఉంది.

"చూస్తూనే ఉందమ్మా, చెప్పడానికే నోరు పడిపోయింది," అన్నాడు మెల్లగా.

గోదాములో పెట్టెలన్నీ విప్పించారు. రేకులేని సీసాలు అక్కడొకటి ఇక్కడొకటి బయటపడ్డాయి. దుకాణాలకు చేరిన సరుకంతా మేనేజరు వెనక్కి రప్పించాడు. బాబాయి ఒక సీసా చేత్తో పట్టుకుని, "గాలి తగిలి చెడిన మందు ఏ పసిబిడ్డ..." అని ఆగిపోయాడు.

ఇంజనీరమ్మ ఆయన పక్కన కూలబడింది. "వైరు మళ్లీ తెగితే మనకెలా తెలుస్తుంది బాబాయ్?"

ఆయన తల గోక్కున్నాడు. "కాపలావాడు మేలుకున్నాడో లేదో తెలియాలంటే దొంగని పంపాలి. రోజూ పని మొదలెట్టే ముందు మనమే ఒక దొంగసీసాని పంపుదాం. ఎర్రమూత పెడితే మంచివాటిలో కలిసిపోదు."

ఆమెకు ఆ మాట తెగ నచ్చింది. వైరు తెగితే బెల్టే ఆగిపోయేలా తను అమరిక మార్పించింది. ఆ వారంనుంచి చుట్ట మార్చినప్పుడల్లా ఒకటో రెండో సీసాలు తొట్టిలో పడుతున్నాయి. బాబాయి వాటిని చూసి నొచ్చుకోవడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం ఆయనే ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, సీసాలు కడిగే మిషన్లో గాజుపెంకు మిగిలిపోతే, దాన్ని చూసేదెవరు?"

"తెలీదు బాబాయ్," అంటూ ఆమె కుర్చీలోంచి లేచింది. "పదండి, చూద్దాం."