రెండో సంతకం

"జుమా నమాజుకి పోయొచ్చేలోపల చెక్ చేసి పెట్టు" అంటూ మా ఆయన జిలాని, నేను ఎర్రగడ్డలు తరుగుతున్న వంటింటి తడి గట్టు మీదే ఫైలు పడేశాడు.

ఇదేం కొత్త కాదు. ఎంటెక్‌లో స్ట్రక్చర్స్ చదివింది నేను. ఫ్యామిలీ వీసా మీద మస్కట్ వచ్చినాక నాకు ఇక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. ఆయన ఉద్యోగం చేసిపెట్టే హక్కు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మూడేళ్లుగా దార్సైట్ పేటలోని ఈ ఫ్లాట్లో నేను వేసిన లెక్కలన్నీ ఆదివారం ఆయన పేరుతో ఆఫీసుకు పోతాయి. "ఇంట్లో కూచోని దినమంతా ఏం చేస్తాంటావ్ మా?" అని మా అత్త ప్రొద్దుటూరు నుంచి ఫోన్లో అడిగితే, ఈయన పక్కనుండి నవ్వుతాడే గానీ, ఒక్కసారన్నా చెప్పిన పాపాన పోలేదు.

చేతులు తుడుచుకుని తెరిచాను. మొదటి పేజీకే ఒళ్లు మండింది. ఖురియాత్ ఊరి అవతల వాదీ మీద కట్టే బ్రిడ్జి. ఏడాదంతా ఎండిపోయి ఉండి, గట్టి వాన పడితే కార్లను కొట్టుకుపోయే వాగు అది. దాని డిజైన్ రంజాన్ నెలలో నేనే చేసిచ్చాను.

"ఇది నేను చేసిందే కదండీ. మీ ఆఫీసులో నిజాముద్దీన్ కదా చెక్ చేయాల్సింది?"

"వానికి టైం లేదంట. నువ్వు చూసిస్తే వాడు సంతకం పెడ్తాడు. నువ్వు చేసిందే గదా, తప్పుంటాదా?"

ఒకరు డిజైన్ చేస్తే ఇంకొకరు మొదట్నుంచీ మళ్లీ లెక్క వేయాలని వాళ్ల కంపెనీ రూలు. ఒకరి కన్ను దాటిన తప్పు రెండో కంటికైనా దొరకాలని. కాగితం మీద ఇద్దరు మగవాళ్ల సంతకాలు ఉంటాయి. ఇద్దరి వెనకా ఉన్నది నేనొక్కదాన్నే, అదీ పొయ్యి మీద ఒక కన్నేసి.

ఈ బ్రిడ్జిని మోసే ఇనుప దూలాలు, అంటే గర్డర్లు, ఉన్నవి రెండే. ఒకటి తెగితే, పైనున్న బండ్లు దిగిపోయేంతసేపైనా రెండోది మోయాలి. ఆ లెక్క కోసం పేజీలు తిప్పాను. నలభై ఒకటో పేజీలో హెడ్డింగ్ ఉంది, కింద ఖాళీ. గుర్తొచ్చింది. ఆరోజు పాపకు జ్వరం, ఇఫ్తార్‌కి ఈయన స్నేహితులు ఎనిమిది మంది. తర్వాత చేద్దామనుకున్నాను. మరిచిపోయాను. ఈయన ఒక్కసారి పేజీ తిప్పి చూసుంటే కదా!

అక్కడే నిలబడి చేత్తో లెక్క వేశాను. మళ్లీ వేశాను. నిలవదు.

"ఒకటి తెగితే మొత్తం కూలుతుందండీ. మూడో గర్డర్ వేయాలి."

టోపీ సర్దుకుంటున్నవాడు ఆగాడు. "స్టీలుకి ఆర్డరు పంపేసినారు హసీనా. ఇప్పుడు చెప్తే ఈ లెక్క ఎవరేసినారని అడుగుతారు. నా ఉద్యోగం పోతే నీ వీసా, పాప బడి, ఈ కొంప అన్నీ పోతాయి. అయినా అది తెగేదెప్పుడు, పడేదెప్పుడు? ఏదో ఒకటి సర్దు."

పెళ్లయిన కాడ్నుంచీ వింటున్న మాటే. ఉద్యోగం మానేసి సర్దుకున్నాను. ఈద్‌కి భోజనానికొచ్చిన చీఫ్ ఇంజనీర్ ఖమరుద్దీన్ సార్ "మీ జిలానిది ఏం బుర్రమ్మా" అని నాతోనే అంటే, ఇంకాస్త బిర్యానీ వడ్డించి సర్దుకున్నాను. నేను సర్దుకుంటా, ఇనుము సర్దుకుంటుందా? రేపు ఆ బ్రిడ్జి మీద బడి బస్సు పోతుంది. అందులో పిల్లలుంటారు.

ఫైలు అట్ట మీద ఖమరుద్దీన్ సార్ నంబరు ఉంది. ఫోన్ తీసి నొక్కాను. భయం లేదని కాదు.

"పిచ్చి పట్టిందా నీకు?" జిలాని గొంతు తగ్గించాడు. "పెట్టేసెయ్. నువ్వెవరని చెప్తావ్ ఆయనకి?"

నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఈలోగా అటువైపు ఫోన్ ఎత్తారు.

"ఎవరమ్మా?"

"నా పేరు హసీనా సార్. ఖురియాత్ బ్రిడ్జి డిజైన్ చేసిన ఇంజనీర్ని. నా లెక్కలో తప్పుంది."