గుండ్లు మూసిన గీత

హెల్మెట్ తీశాకే ఆమెకు గుర్తొచ్చింది. గదిలో పని చేస్తుండగా ఒక గీత కనిపించింది.

వెంట్రుకంత గీత. పాత రంగు ఊడి ఉక్కు బయటపడుతుండగా, రోప్‌వే హ్యాంగర్‌కు మోచేతిలా ఉన్న వంపులో ఒక్క క్షణం నల్లగా కనిపించింది. మరుక్షణం ఆమె చేతిలోని గొట్టం మూతి దాని మీదుగా జరిగింది. ఆ తర్వాత గీత లేదు. వెండిలాంటి మెరుపే ఉంది.

చూసిందా? కలగందా?

పాత రంగు రాల్చే ఆ బ్లాస్టింగ్ గదిలో ఆ రెండింటికీ మధ్య గోడ చాలా పలచన. గొట్టంలోంచి ఉక్కు గుండ్లు వానలా దూకుతాయి. బూడిదరంగు దుమ్ము లేచి గోడల్ని మింగేస్తుంది. చెవుల్లో తన ఊపిరి తప్ప మరేమీ ఉండదు. పొద్దున ఆరింటి నుంచి ఆమె ఆ మబ్బులోనే ఉంది. అందుకే షెడ్డులో అందరూ ఆమెను మబ్బు అంటారు. పరధ్యానానికి పెట్టిన పేరని బావ అంటాడు.

బావ అంటే అక్క మొగుడు. షెడ్డుకు సూపర్‌వైజర్.

గదిలో ఎనిమిది హ్యాంగర్లు తళతళలాడుతూ వేలాడుతున్నాయి. రోప్‌వేలో ఒక్కో క్యాబిన్‌ను పైతీగకు పట్టి ఉంచే వంకర ఉక్కు చేతులవి. బయట ఇంకో నాలుగు పాత నీలిరంగుతోనే ఉన్నాయి.

"రంగు కలిపేశాను సార్," అన్నాడు రంగు మేస్త్రి. "ఇక ఆగదు. రెండు గంటలు దాటితే డబ్బాలోనే రాయైపోతుంది."

"ఆపు బావా," అంది మబ్బు. "ఒకదాంట్లో పగులుంది."

"దేంట్లో?"

"తెలీదు."

"ఎక్కడ?"

"మోచేతి వంపులో. ఇప్పుడు కనబడదు."

బావ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "కనబడని పగులు. అదీ ఏ హ్యాంగర్‌లోనో తెలీదు. పోయిన నెల దుమ్ములో నెమలి కనబడిందన్నావు. దానికీ పని ఆపాల్సిందా మరదలా?"

"నెమలి వేరు. అది బాగా ఆడింది కూడా."

మేస్త్రి కిసుక్కున నవ్వాడు. మబ్బు నవ్వలేదు. దగ్గర్లో ఉన్న హ్యాంగర్ వంపు మీద బొటనవేలు ఆనించింది. నున్నగా ఉంది. అదే భయం.

"నేనే మూసేశాను బావా. ఈ గుండ్లు ఒక్కోటీ చిన్న సుత్తి. పగులు అంచుల్ని కొట్టి కొట్టి మూతి మూసేస్తాయి. లోపల కడుపు అలాగే ఉంటుంది. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమని అన్నింటికీ గుండ్లే పోయించావు."

"గుండ్లయితే త్వరగా కొడతాయి. ఏరుకుని మళ్లీ వాడుకోవచ్చు. రేపు ఎనిమిదింటికి రోప్‌వే మొదలు. నాలుగు గంటల్లో రంగు పడకపోతే ఈ చెమ్మకి ఉక్కంతా తుప్పు. నీ పొద్దుటి కష్టమంతా గంగపాలు."

"రేపు ఎనిమిదింటికి మొదట ఎక్కేదెవరు?"

జనాన్ని ఎక్కించే ముందు మొదటి క్యాబిన్‌లో ఒంటరిగా వెళ్లి, దారంతా చూసి రావడం అక్క ఉద్యోగం.

"మీ అక్క పేరెత్తి నన్ను బెదిరించకు," అన్నాడు బావ. గొంతు తగ్గింది. "కలొచ్చిందని పని ఆపానంటే పైవాళ్లు నమ్ముతారా?"

"నమ్మరు. అందుకే ఒక్క గంటివ్వు. ఆ నాలుగూ వీటితో పాటే పుట్టాయి. ఇన్నేళ్లూ ఇదే బరువు మోశాయి. ఇది విరగబోతుంటే అవీ ఎక్కడో మూలుగుతుంటాయి. ఏమీ దొరక్కపోతే రంగు నేనే కొడతాను."

బావ గడియారం చూశాడు. "గంటంటే గంటే."

స్టోర్‌లో బస్తాలు వరసగా ఉన్నాయి. ఉక్కు గుండ్లు దాటింది. గార్నెట్ దగ్గర ఆగింది. గులాబిరంగు ఇసుక, ప్రతి రేణువుకీ పదునైన అంచు. కొత్త రంగు పట్టు దొరికేలా ఉక్కును గరుకు చేయడానికి అంతకు మించింది లేదు. కానీ ఇప్పుడు ఉక్కును ముట్టుకోకూడదు. ఆ మూల, ఎప్పుడో ఇంజను శుభ్రం చేయగా మిగిలిన అక్రోటు పెంకుల పొడి ఉంది. గుప్పిట్లోకి తీసుకుంది. ఎండుటాకుల్లా తేలిక. రంగును రాలుస్తుంది, ఉక్కు జోలికి పోదు.

గొట్టానికి గుండ్లు అందించే పాత్రను ఖాళీ చేసి పెంకుపొడి పోసింది. గాలి ఒత్తిడి తగ్గించింది. బయటి నాలుగు హ్యాంగర్లనూ లోపలికి తెచ్చి తలుపు మూసుకుంది.

ఈసారి మబ్బు గోధుమరంగులో లేచింది. నీలిరంగు రేకులు రేకులుగా రాలుతుంటే, ఆకాశమే ఊడి పాదాల మీద పడుతున్నట్టుంది. ఆ ఆకాశంలో ఎక్కడో ఒక క్యాబిన్ ఊగుతోంది. అక్క కిటికీకి నుదురు ఆనించి కిందికి చూస్తోంది. చెయ్యి ఊపుతోంది. ఊపకే అక్కా, కదలకే.

తొమ్మిదో హ్యాంగర్ వంపు శుభ్రంగా ఉంది. పదోదీ అంతే.

అద్దం మీద టకటక. బావ గడియారం చూపించాడు. పది నిమిషాలు.

పదకొండోది. రంగు నిదానంగా, చాలా నిదానంగా తొలగింది. వంపు మధ్యలో నల్లటి వెంట్రుక.

ఆమె ట్రిగ్గర్ వదిలేసింది. ఊపిరి కూడా వదల్లేదు, అది ఎగిరిపోతుందేమోనని.

"మరక అయ్యుంటుంది," అన్నాడు బావ, కళ్లు చికిలించి. అన్నాడే గానీ, ఎర్ర ద్రవం సీసా తనే తెచ్చాడు. వంపంతా పూశాడు. కాసేపాగి బట్టతో శుభ్రంగా తుడిచేసి, పైన తెల్లపొడి చల్లాడు. పగులుంటే లోపలికి ఇంకిన ఎరుపు మళ్లీ పైకి రావాలి.

ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. తెల్లటి పొడిలోంచి సన్నటి ఎర్ర దారం ఒకటి, ఎవరో లోపలి నుంచి కుడుతున్నట్టు, మెల్లగా బయటికి వచ్చింది.

బావ అక్కకు ఫోన్ చేశాడు.

"రేపు ఎక్కకు... అవును, రోప్‌వే ఆపించేస్తున్నా... ఎందుకంటే, మీ చెల్లెలికి కలొచ్చింది."

ఫోన్‌లోంచి అక్క గొంతు షెడ్డంతా వినిపించింది. "అయితే నిజమే. దానికి కలలొస్తాయి గానీ అబద్ధాలు రావు."

"రంగు పారబోయమంటారా సార్?" అడిగాడు మేస్త్రి.

"పారబొయ్యి."

మర్నాడు తనిఖీ ఇంజనీరు పగుళ్లు కనిపెట్టే యంత్రంతో వచ్చేసరికి, ఎనిమిది హ్యాంగర్లకీ సన్నటి గోధుమరంగు నూగు పట్టింది. యంత్రం ఇంకా పెట్టెలో ఉండగానే మబ్బు ఆరోదాని ముందు ఆగిపోయింది. వంపులో తుప్పు మిగతా చోట్ల కంటే చిక్కగా ఉంది. వెంట్రుకంత గీతలా.

"ముందు ఇది చూడండి," అంది. యంత్రం కూడా ఆమె మాటే చెప్పింది.

నెల తర్వాత పన్నెండు కొత్త హ్యాంగర్లు వచ్చాయి. వాటిని ఒక్కొక్కటే పరీక్షించి పంపారు. బావ స్టోర్ తలుపు తీసి, పక్కకు తప్పుకున్నాడు.

"ఏది పోయమంటావు?"

"గార్నెట్," అంది మబ్బు.

రోప్‌వే మొదలైన పొద్దున అక్క ఆమెను వెంట ఎక్కించుకుంది. క్యాబిన్ మంచులోకి జారింది. కింద లోయ లేదు, పైన తీగ లేదు. కొత్త రంగేసిన ఉక్కు చెయ్యి ఒక్కటే తలమీద చప్పుడు లేకుండా వాళ్లను మోసుకుపోతోంది. మబ్బు కిటికీలోంచి తదేకంగా చూస్తోంది.

"ఏం కనిపిస్తోందే అంతగా?"

"నెమలి."

అక్క గబుక్కున ఇటువైపుకి జరిగింది. "ఏదీ? ఎక్కడ?"