నచ్చింది ఎవరికి?

తెలుగు మీడియంలో చదివి కడప నుంచి వచ్చిన నవ్యకి రాయదుర్గంలో ఉద్యోగం దొరికి నెల కూడా కాలేదు. పెళ్లిసంబంధాల యాప్‌లో తెలుగు సందేశాలను కంప్యూటర్ ఇంగ్లీషులోకి మారుస్తుంది. అది సరిగ్గా మార్చిందా లేదా చూడటం ఆమె పని. మొదటి మీటింగులోనే, కొత్త స్క్రీన్ నాకు నచ్చింది అని చెప్పబోయి "దిస్ స్క్రీన్ లైక్స్ మీ" అనేసింది. గదంతా ఘొల్లుమంది.

"స్క్రీన్ నీకు ప్రపోజ్ చేసిందా?" అన్నాడు టీమ్ లీడ్ గిరీష్.

ఆ సాయంత్రం లింగంపల్లి రైల్లో నిలబడే 'లైక్' అనే మాట పుట్టుక ఫోన్‌లో వెతికింది. చదువుతుంటే ఆమెకి ఒళ్లు పులకరించింది. పాత ఇంగ్లీషులో 'లైక్' అంటే ఇష్టపడటం కాదట, నచ్చడమట! 'ఇట్ లైక్స్ మీ' అని అప్పటివాళ్లు నిజంగానే అనేవాళ్లట. వందల ఏళ్లలో మాట తిరగబడి, మనిషి ముందుకొచ్చి, 'ఐ లైక్ ఇట్' అయింది.

వారం తిరక్కుండా ఆఫీసులో గొడవ. బాచుపల్లిలో ఉండే కిరణ్మయి అనే అమ్మాయి, తెలుగు రాని ఒక పూణే అబ్బాయికి "నేను మీకు నచ్చాను, కానీ మీరు నాకు నచ్చలేదు" అని రాసింది. యాప్ దాన్ని "మీరంటే నాకిష్టం, కానీ మీకే నేనంటే ఇష్టం లేదు" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులోకి మార్చి పంపింది. పాపం అతను కరిగిపోయి, అమ్మానాన్నలతో, స్వీట్లతో కిరణ్మయి ఇంటి ముందు దిగాడు.

"ఇదేంది? జర ఎవరన్నా చెప్పుండ్రి!" అన్నాడు మేనేజర్ మధుకర్.

గిరీష్ మూడు రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నాడు. నవ్య లేచింది.

"సార్, 'నచ్చాను' అనగానే ఇష్టపడింది నేనే అనుకుంటోంది మెషీన్. తెలుగులో 'కి', 'కు' ఎవరి పక్కనుంటే ఇష్టం వాళ్లది. ఇంగ్లీషు కూడా ఒకప్పుడు ఇట్లే ఉండేది సార్."

బోర్డు మీద రాసి చూపించింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. రెండు రోజులు కూర్చుని నాలుగు వందల వాక్యాలు రాసిచ్చింది. గిరీష్ వాటితో మెషీన్‌కి మళ్లీ నేర్పాడు. పరీక్ష పెడితే, అది ఇంతకుముందు చూడని వాక్యాల్లో కూడా ఒక్కటీ తప్పు పోలేదు.

మధుకర్ లేచి చప్పట్లు కొట్టాడు. "ఇగ తెలుగు పనంతా నీ చేతుల్నే, నవ్యా!"

నవ్య బాల్కనీలోకి పరుగెత్తి అమ్మకి ఫోన్ చేసింది. "అమ్మా, గెలిచినా!"

"దేంట్లో మే?" అంది జయమ్మ.

"వ్యాకరణంలో!" అని అరిచింది నవ్య, తొమ్మిదో అంతస్తు మొత్తం వినేలా.